ఏకోపాధ్యాయ, ఏకవిద్యార్థి పాఠశాల

మూడో తరగతికి ఫీజు పెంచుతున్నామని, బూట్లు, టై, నోటు పుస్తకాలు కూడా తమ వద్దనే కొనాలని ప్రైవేటు బడివారు చీటీ పంపిన సాయంత్రమే మా బావగారు తమ కుమారుణ్ణి ఇంట్లోనే చదివించుకోవాలని నిశ్చయించుకున్నారు. ఓ కంపెనీకి ఇంటి నుంచే లెక్కలు చూసే ఆయనకు కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పించుకోవడం పెద్ద పనేమీ కాదు. చిక్కంతా ఆయన స్వభావంతోనే వచ్చింది. ఏ పనికైనా ఏ నిబంధన వర్తిస్తుందో, ఏ అధికారి సంతకం పడాలో తేలనిదే ఆయనకు ముద్ద దిగదు. అందువల్ల వాచకం కొనకముందే 2009 నాటి విద్యాహక్కు చట్టాన్ని అచ్చు తీయించుకుని, ఎరుపు, ఆకుపచ్చ కలాలు పట్టుకుని వరండాలో కూర్చున్నారు.

ఆరు నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలను దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్ చెబుతోంది. ఆ మాట వినగానే మా అక్క, "అయితే చేర్పించేద్దామండీ, గొడవ వదిలిపోతుంది" అన్నది. బావగారు మాత్రం చేర్పించకపోతే ఏమి శిక్షో చూడాలని చట్టమంతా గాలించారు. పిల్లలకు ప్రవేశ పరీక్ష పెట్టే బడికి మొదటిసారి 25 వేల రూపాయల వరకు జరిమానా ఉంది. గుర్తింపు లేకుండా బడి నడిపేవారికి లక్ష వరకు, ఆపకుండా నడిపితే రోజుకు మరో పదివేల వరకు ఉంది. తల్లిదండ్రులకు మాత్రం ఒక్క రూపాయి కూడా లేదు. మరొకరైతే ఇక్కడే చట్టాన్ని మడిచి బీరువాలో పెట్టుకుని హాయిగా పాఠం మొదలుపెట్టేవారు. నిజానికి మన దేశంలో ఇంటి చదువులు ఎంచుకున్న కుటుంబాలన్నీ చేయమనీ, వద్దనీ చట్టం తేల్చి చెప్పని ఆ ఖాళీలోనే కాపురం చేస్తున్నాయి. బావగారు మాత్రం, విధి ఉండి శిక్ష లేదంటే ఎక్కడో ఒక పేజీ తప్పిపోయి ఉంటుందని అనుమానించి, కాగితాలన్నీ వరుసగా మరోసారి లెక్కపెట్టారు.

డాలస్‌లో ఉన్న ఆయన తమ్ముడు ఫోనులో, టెక్సాస్‌లో ఇంటి చదువుకు ఎవరికీ అర్జీ పెట్టనక్కర లేదని చెప్పాడు. అదే న్యూయార్క్ రాష్ట్రంలో అయితే ముందుగా నోటీసు ఇచ్చి, బోధనా ప్రణాళిక సమర్పించి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలట. అది విని బావగారు, తాను న్యూయార్క్‌లో పుట్టవలసిన మనిషినని నిట్టూర్చారు.

మర్నాడు తెల్లకాగితం మీద అర్జీ రాసుకుని విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లారు. అక్కడి గుమాస్తా దానిని రెండు వైపులా తిప్పి చూసి, "సార్, దీనికి అనుమతి ఇవ్వడానికి మా దగ్గర ఫారం లేదు. కాదనడానికీ లేదు. మీరు బడే పెట్టుకుంటానంటే చెప్పండి, దానికి ఫారం ఉంది" అన్నాడు. పాపం, సాయం చేయాలన్న మనసుతోనే అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చిన బావగారు చట్టం చివర ఉన్న షెడ్యూలు తెరిచారు. మన ఇల్లు బడి కాకపోయినా బడికి ఉండవలసినవన్నీ ఉంటే ఏ అధికారీ వేలెత్తి చూపలేడన్నది ఆయన వాదం.

అయిదో తరగతి లోపు పిల్లలకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. కనుక రోజుకు నాలుగు గంటలని గోడ మీద పట్టిక వెలిసింది. ఉపాధ్యాయుడు సన్నాహంతో కలిపి వారానికి 45 గంటలు పనిచేయాలి. కనుక కంపెనీ లెక్కలు అర్ధరాత్రికి జరిగాయి. ముప్పై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడన్న చోట ఒక్కడికే ఒకరున్నారు కాబట్టి ఆ పంక్తి పక్కన గర్వంగా ఆకుపచ్చ టిక్కు పడింది. డాబా ఆటస్థలమైంది. దినపత్రిక, పాత కథల పుస్తకాలు గ్రంథాలయమయ్యాయి. ప్రధానోపాధ్యాయుడి గది, కార్యాలయం, సామానుల గది మూడూ ఒకటే కావచ్చని షెడ్యూలే అనుమతిస్తున్నందున, బియ్యం బస్తాల గదిలోకి ఒక కుర్చీ వెళ్లింది. బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలన్న నిబంధన దగ్గర మాత్రం ఆయన కలం ఆగిపోయింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే. దానిని బాలురకు కేటాయించే ప్రతిపాదనను అక్క గరిటె పట్టుకుని వచ్చి తిరస్కరించింది.

ప్రభుత్వ క్యాలెండర్ ప్రకారం జూన్ 12న ఇంటి బడి తెరుచుకుంది. గంట కోసం, అంచున చుక్కలతో అక్కాబావల పేర్లు చెక్కి ఉన్న పెళ్లినాటి స్టీలు పళ్లేన్ని కిటికీ ఊచకు వేలాడదీసి, అట్లకాడతో మోగించేవారు. అదే కొంప ముంచింది.

వారం తిరగకముందే, పిల్లలను బడిలో చేర్పించమని ఇంటింటికీ తిరిగే బడిబాట కార్యక్రమంలో భాగంగా ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులు డప్పుతో, పిల్లలతో మా వీధికి వచ్చారు. సరిగ్గా అప్పుడే బావగారు రెండో పీరియడు గంట కొట్టారు. ఈ వీధిలో తమకు తెలియని బడి ఎక్కడిదా అని హెడ్మాస్టరుగారు లోపలికి తొంగిచూస్తే, గోడన పట్టిక, బల్ల మీద ఒకే పేరున్న హాజరు పట్టిక, దాని వెనుక కాళ్లూపుతూ మా మేనల్లుడు కనబడ్డారు.

"బాబూ, నీది ఏ బడి?"

"ఇదే సార్. మా నాన్నే హెడ్మాస్టరు. అమ్మ మధ్యాహ్న భోజనం."

హెడ్మాస్టరుగారు కళ్లద్దాలు సవరించుకుని, ఇది బడి అయితే గుర్తింపు పత్రం చూపమని, కాకపోతే బాబు పేరు బడి బయటి పిల్లల జాబితాలో రాసుకోవలసి ఉంటుందని, రెండింటిలో ఏది రాయాలో సెలవిమ్మని వినయంగా అడిగారు. చట్టం దృష్టిలో బడి అంటే గుర్తింపు పొందినదేనని, కనుక తనది బడి కానే కాదని బావగారు రెండో సెక్షన్ చదివారు. "అయితే బడి బయటే" అని హెడ్మాస్టరుగారు కలం తీశారు. రోజూ బడికి వెళ్లకుండానే పరీక్ష రాసే వీలున్న సార్వత్రిక పాఠశాల (ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి రాయిస్తానని బావగారు అడ్డుపడితే, దానికి 14 ఏళ్లు నిండాలని, బాబుకు ఎనిమిదే గనుక ఈ ఆరేళ్లూ ఏ రిజిస్టరులో ఉంటాడని హెడ్మాస్టరుగారు తిరిగి అడిగారు. టీసీ ఆలస్యమైందనీ, వయసు పత్రం లేదనీ తాము ఎవరినీ వెనక్కి పంపకూడదని కూడా సెక్షన్లతో సహా చెప్పారు. తనకు దీటైన మనిషి ఎదురైనందుకు బావగారి ముఖం వెలిగింది.

ఈ శాస్త్రచర్చ మధ్యలో మా మేనల్లుడు, "గుడ్డు ఎన్ని రోజులు పెడతారు సార్?" అని అడిగాడు. వారానికి మూడు అని డప్పు కొట్టే పిల్లవాడు జవాబిచ్చాడు.

"చట్టం ఇంత క్షుణ్ణంగా తెలిసిన మీలాంటివారు మా యాజమాన్య కమిటీలో ఉండాలి సార్" అని హెడ్మాస్టరుగారు సంచిలో నుంచి ఒక కాగితం తీశారు. "కాని, బడిలో చేరిన పిల్లల తల్లిదండ్రులకే అర్హత."

"దీనికి ఫారం ఉందా!" అని బావగారు ఆత్రంగా చేయి చాచి, అంతలోనే ఏదో జ్ఞాపకం వచ్చి చట్టం కోసం లోపలికి పరుగెత్తారు. ఆయన 21వ సెక్షన్ వెదికి పట్టుకుని, కమిటీ సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలన్న పంక్తి కింద ఎర్రగీత గీసేలోపే, ఫారంలో సంరక్షకుల సంతకం దగ్గర అక్క తన పేరు రాసేసింది.