ముల్లుకు ప్రాణం పోయకండి

పాత స్పోర్ట్స్ కార్లున్న వాళ్లందరికీ చేతులు జోడించి ఒక మనవి. ఇంజిన్ విప్పుకోండి, రంగు వేసుకోండి, సీట్లకు కొత్త తోలు తొడగండి, మీ ఇష్టం. డాష్‌బోర్డు మీటర్లలో ఆగిపోయిన ముళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి పాడైపోలేదు. మౌనవ్రతంలో ఉన్నాయి.

ఊరికే అనడం లేదు. మా మిత్రుడి దగ్గర 1960ల నాటి రెండు సీట్ల బ్రిటిష్ బండి ఒకటుంది. దాని ఆయిల్ ప్రెషర్ ముల్లు ఏళ్ల తరబడి 60 దగ్గర అతుక్కుపోయి ఉండేది. ఇంజిన్ నడుస్తున్నా 60, ఆపేసినా 60, తాళంచెవి ఇంట్లో మేకుకు వేలాడుతున్నా 60. ఇంతకు మించిన ఆరోగ్యం ఏ ఇంజిన్‌కు ఉంటుంది? పెట్రోల్ ముల్లు ట్యాంకులో ఉన్నదానికన్నా ఎప్పుడూ నాలుగాకులు ఎక్కువే చదివేది. స్పీడు ముల్లు 40కీ 70కీ మధ్య తలాడిస్తూ ఉండేది. ఎంత వేగంలో వెళ్తున్నామని అడిగితే "అటూ ఇటూగా" అనేవాడు. ఈల వేసుకుంటూ నడిపేవాడు.

అంత సుఖంగా ఉన్న మనిషిని పునరుద్ధరణ పురుగు కుట్టింది.

మీటరు అద్దం చుట్టూ ఉండే క్రోమ్ రింగును సీసా మూతలా తిప్పితే చాలు, ఊడి వస్తుందంటారు. కొత్తలో వస్తుంది కాబోలు. యాభై ఏళ్లు ఎండిన రబ్బరు సీలు పుణ్యమా అని రింగు, అద్దం, డబ్బా మూడూ ఉమ్మడి కుటుంబమైపోయి ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, బతిమాలి, తిట్టి, చివరికి విడదీశాడు. లోపల డయల్ మీద సన్నటి దుమ్ము. తడి దూదితో ఒక్కసారి, పసిపిల్లాడి మూతి తుడిచినంత మెల్లగా తుడిచాడు. దుమ్ముతో పాటు 30 కూడా వచ్చేసింది. మూడు మొత్తం దూదికి అంటుకుంది, సున్నా సగం డయల్ మీదే మిగిలింది. ఆ దూదిని ఆయన పారేయలేదు. అగ్గిపెట్టెలో పెట్టి దాచాడు.

(1930ల నాటి మీటర్ల వాళ్లకు మాత్రం ఒక్క మాట నవ్వకుండా చెబుతాను. చీకట్లో వెలగడానికి కొన్నింటిలో రేడియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన రంగు వాడేవారు. వెలుగిచ్చే పదార్థం అరిగిపోయి అంకెలు ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి. రేడియం ఆరదు, సగానికి తగ్గడానికే దానికి 1600 ఏళ్లు పడుతుంది. గీకకండి.)

స్పీడు ముల్లు తలాట కట్టించడం తేలికే. ఈ పనితనానికి 1902లో ఓటో షుల్జ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, అది పక్కనున్న లోహపు గిన్నెను తాకకుండానే తనతో లాక్కుపోవాలని చూస్తుంది, సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. ఈ లాగులాటలో ముల్లు ఎక్కడ ఆగితే అదే మన వేగం. కేబుల్ ఎండిపోతే ముల్లు ఊగుతుంది, గ్రీజు పెడితే నిలబడుతుంది. మావాడు ప్రేమ కొద్దీ దండిగా పూశాడు. అది కేబుల్ వెంట మీటరులోకి ఎగబాకి గిన్నెను పట్టుకుంది. అంతా మళ్లీ విప్పాల్సి వచ్చింది.

ఉష్ణోగ్రత మీటరుది వేరే భాగోతం. ఒక చిన్న గుళిక, దాని నుంచి వెంట్రుకంత సన్నటి రంధ్రమున్న రాగి గొట్టం, లోపల ఈథర్ అనే ఇట్టే ఆవిరయ్యే ద్రవం. గొట్టం ఎక్కడైనా చిట్లితే ఈథర్ గాల్లో కలుస్తుంది, ముల్లు కింద పడుకుంటుంది. బాగు చేశాక పరీక్షించాలంటే గుళికను మరిగే నీళ్లలో ముంచాలి, ముల్లు 212 ఫారెన్‌హీట్ చూపాలి. వంటింట్లో, పొయ్యి మీద గిన్నె పెట్టి, మీటరును చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. వాళ్లావిడ వచ్చి చూసి, "ఏమండీ, కారుకు జ్వరమా?" అంది. "కారుకు కాదోయ్, థర్మామీటరుకే" అన్నాడు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది పెట్రోల్ ముల్లు. ఆ మీటరు కరెంటు వేడికి వంగే రెండు లోహాల పట్టీతో పనిచేస్తుంది, అందుకే నింపాదిగా లేస్తుంది. (ఇదే పద్ధతిని ఇంజిన్ వేడికి కూడా వాడిన కార్లున్నాయి. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే.) దాని వెనక స్టెబిలైజర్ అనే చిన్న డబ్బా ఉంటుంది, వోల్టేజీని సగటున 10కి కట్టడి చేస్తుంది. ఆ డబ్బా ఎర్త్ వదులైతే మీటరుకు బ్యాటరీ వోల్టేజీ మొత్తం అంది, ముల్లు పైకి పోతుంది. లోకంలో ఇంత ఉదారమైన లోపం ఇంకోటి చూపించండి! మావాడు ఒక స్క్రూ బిగించి దాన్ని కాస్తా బాగు చేశాడు. ట్యాంకులో పెట్రోలు ఉన్నంతే ఉంది. మనిషే పేదవాడయ్యాడు.

మనిషికి నిజం పడదని కార్ల కంపెనీలకు ఎప్పుడో తెలుసు. మాజ్దా ఎంఎక్స్-5 చూడండి, స్పోర్ట్స్ కారే. మొదట్లో నిజమైన ఆయిల్ ప్రెషర్ మీటరు ఇచ్చారు. 1990ల మధ్యలో దాని స్థానంలో ఒక స్విచ్చు పెట్టారు. కాస్తో కూస్తో ప్రెషర్ ఉంటే చాలు, ముల్లు ఠీవిగా మధ్యలో నిలబడుతుంది. స్పీడోమీటరుకైతే ఐక్యరాజ్య సమితి నిబంధనే ఉంది, 39వ నంబరు. అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ మాత్రం చూపొచ్చు, పదో వంతు, ఆపైన మరో 4 కిలోమీటర్లు. అబద్ధానికి కొలత వేసి మరీ అనుమతిచ్చారు. మా మిత్రుడేమో హరిశ్చంద్రుణ్ణి తెచ్చి డాష్‌బోర్డులో కూర్చోబెట్టాడు.

అన్నీ బిగించి ఇంజిన్ తిప్పాడు. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ముల్లు 60 దాటింది, మొహం వెలిగింది. వేడెక్కాక, నిలబడి ఉన్నచోట, మెల్లగా దిగి 15 దగ్గర ఆగింది. ఆ కాలపు ఇంజిన్లకు అది మామూలే. ఆ మాట నేను చెప్పాను, బండితో వచ్చిన పుస్తకం చెప్పింది, ముగ్గురు మెకానిక్కులు చెప్పారు. ఆయన నమ్మలేదు. ఆయిల్ మార్చాడు, చిక్కటిది పోశాడు, పంపు విప్పించాడు. ముల్లు 15 దగ్గరే. రాత్రిళ్లు నిద్ర లేదు, అంతా టెన్షన్. బండిని రోడ్డెక్కించడం మానేసి, షెడ్డులోనే స్టార్ట్ చేసి ముల్లు చూసుకుని ఆపేసేవాడు.

మొన్న వెళ్లేసరికి ఈల వినిపించింది. షెడ్డులోకి తొంగి చూశాను. ఆయిల్ మీటరు అద్దం మీద గుండ్రంగా కత్తిరించిన నల్ల కాగితం, దాని మీద తెల్లటి అంకెలు, సరిగ్గా 60 దగ్గర చేత్తో గీసిన ముల్లు. నన్ను చూసి సిగ్గుపడతాడనుకున్నాను. దగ్గరికి రమ్మని, టార్చి చేతికిచ్చి, "ఈ ఆరు కాస్త లావైందంటావా? అప్పటి డయల్ మీద ఇంత లావుండేది కాదేమో" అన్నాడు.