‘ఆ’ అంటే చాలు, జబ్బు తెలిసిపోతుందట

నిన్నటితో ఐదోసారి వచ్చింది ఆ ఫార్వర్డ్. ఈసారి పంపింది మా బాబాయి. సారాంశం ఇదీ: ‘ఆ’ అని లాగినప్పుడు గొంతు వణికితే పార్కిన్సన్స్ (ఒళ్లు వణికే నరాల జబ్బు). పాడేటప్పుడు లేని ఇబ్బంది మాట్లాడేటప్పుడు వస్తే అది మానసికం. మందు తేనె, మిరియాలు. వయసు మళ్లాక బొంగురు మామూలే, డాక్టరు దండగ.

తేనె తాగండి, బాగుంటుంది. కానీ అది పోయేది అన్నవాహికలోకి. గొంతులో శబ్దం పుట్టించే స్వరతంత్రుల దాకా వెళ్తే వచ్చేది పొలమారడమే.

బొంగురు నాలుగు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు గొంతులోకి చూడాల్సిందే, పొగతాగేవాళ్లు అన్నాళ్లు కూడా ఆగకూడదు.

పార్కిన్సన్స్‌లో గొంతు విషయంలో ఎక్కువగా కనిపించేది వణుకు కాదు, గొంతు సన్నగిల్లడం. తాము మామూలుగానే మాట్లాడుతున్నామనుకుంటారు, ఇంట్లోవాళ్లేమో “కాస్త గట్టిగా చెప్పు” అంటుంటారు. సెకనుకు 4 నుంచి 7 సార్లు గొంతు ఊగడం, పార్కిన్సన్స్ కాని మరో వణుకు జబ్బు అయిన ఎసెన్షియల్ ట్రెమర్‌లో మామూలు. ఒపెరా గాయకుల వైబ్రాటో (పాటలో స్వరాన్ని ఊపడం) కూడా ఇంచుమించు అంతే, మరి వాళ్లందర్నీ న్యూరాలజీ వార్డులో చేర్పిద్దామా?

ఇక ఆ ‘మానసికం’. మా మేనత్త మంగళహారతి చక్కగా పాడేది. ఫోనెత్తి మాట్లాడమంటే మాత్రం ఎవరో మెడ నొక్కినట్టు మాట ముక్కలయ్యేది. “పాటకొచ్చే గొంతు మాటకు రాదా, అన్నీ నాటకాలు” అన్నారు ఇంట్లో. ఒక డాక్టరైతే నిద్రమాత్రలు రాశాడు. అది స్పాస్మోడిక్ డిస్ఫోనియా అని, మాట్లాడబోయేసరికి మెదడు పంపే సంకేతాలు గాడి తప్పి స్వరతంత్రులు బిగుసుకుంటాయని మాకు తెలిసేసరికి ఆవిడ ఫోన్లు ఎత్తడమే మానేసింది. ఈ జబ్బున్న చాలామందికి పాట, నవ్వు, గుసగుస బాగానే వస్తాయి. అంటే మీ మెసేజ్ నటనకు రుజువుగా చూపిస్తున్నదే జబ్బుకు ఆనవాలు! ఒకప్పుడు డాక్టర్లూ మానసికమనే అనుకున్నారు, నిజమే. కానీ 1980ల నుంచి దీనికి బొటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్) ఇస్తున్నారు. మనసు జబ్బే అయితే స్వరతంత్రి కండరంలో చుక్క మందు వేస్తే మాట ఎలా తేరుకుంటోంది, మూడు నాలుగు నెలలకు మందు పని తగ్గగానే మళ్లీ ఎందుకు తెగుతోంది? టెన్షన్‌లో ఎక్కువవుతుంది, సరే. టెన్షన్‌లో బీపీ కూడా పెరుగుతుంది, దాన్ని నాటకమంటామా?

అయితే బాబాయ్, ఒకటి ఒప్పుకుంటాను. ఆ ‘ఆ’ పరీక్ష మంచిదే. స్పీచ్ థెరపిస్టులూ అది చేయిస్తారు, వణుకు అందులోనే బాగా బయటపడుతుంది. కాకపోతే దాంతోపాటు, మాట తెగడం పట్టుబడేలా, అచ్చులు ఎక్కువున్న వాక్యం కూడా రికార్డు చేసి డాక్టరుకు వినిపించాలి. మా అత్తది నా ఫోన్లో ఇంకా ఉంది: ఎనిమిది సెకన్ల ‘ఆ’, దాదాపు తిన్నగానే. ఆ వెంటనే “ఆ అరటిపండు ఇలా ఇవ్వు”, నాలుగు మాటలకు ఐదుచోట్ల తెగుతూ.