బుడగలొస్తే శుద్ధి అయినట్టేనా?

మా కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ వారం నాలుగోసారి అదే మెసేజ్: "సిగరెట్ విషం, హుక్కా సేఫ్." ఫార్వర్డ్ చేసినవాళ్లందరికీ నలభై దాటాయి.

విషమంతా నీళ్లలోనే ఉండిపోతుందట. నీళ్లు పొగను చల్లబరుస్తాయి, గొంతు మండదు, దాంతో ఇంకా లోతుగా లాగుతాం. గంటసేపు హుక్కా ముందు కూర్చుంటే ఒక సిగరెట్‌కి 100 నుంచి 200 రెట్ల పొగ లోపలికి పోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది.

రాజులు కూడా తాగారట. రాజులకు మశూచి కూడా వచ్చేది.

పొగాకు లేదు, అన్నీ మూలికలేనట. సరే, వాటి మీద పెట్టే బొగ్గు కూడా మూలికేనా?

నాకు ఒళ్లు మండింది మాత్రం దీనికి: "హుక్కా తాగాక ఆక్సీమీటర్ పెట్టుకుంటే 98 చూపించింది, ఇదే రుజువు." ఒరేయ్, బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనం కోవిడ్‌లో కొన్న ఆ చిన్న క్లిప్పుకి ఈ రెండింటి తేడా తెలీదు, దాన్నీ ఆక్సిజన్ లెక్కలోనే వేసేస్తుంది. కిందటేడు వైజాగ్ సిరిపురంలో ఓ ఫ్లాట్‌లో హుక్కా పెట్టుకుని ఏసీ వేసి, తలుపులు బిగించి కూర్చున్నాం. మనవాడొకడు లేవబోయి సోఫాలోనే కూలబడ్డాడు. తలనొప్పి, వాంతి. "కిక్కెక్కింది" అని నవ్వుకుంటూ నిమ్మసోడా పట్టించాం. క్లిప్పు పెడితే 97. కిటికీ తీయాలని ఒక్కడికీ తోచలేదు. నాక్కూడా.

నలుగురు పంచుకుంటే నష్టం నాలుగో వంతేనట. ఒకే పైపు నోళ్లు మారుతుంటే టీబీ కూడా పంచుకోవచ్చు, ఖర్చు కలిసొస్తుంది.

"మా మామ్మ అడ్డపొగ తాగి ఎనభై ఐదేళ్లు బతికింది" అన్నది కచ్చితంగా మనవాడే రాసుంటాడు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే మన ఉత్తరాంధ్ర ఆడవాళ్లకి అంగిలి మీద వచ్చే మచ్చల గురించి, క్యాన్సర్ గురించి డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. పోయిన మామ్మలకి వాట్సాప్ లేదు.

పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడిస్తే ఊపిరితిత్తులు కడిగినట్టవుతాయట. ఆ గాలికి మా బాల్కనీ గ్రిల్ తుప్పు పట్టింది.

చివరి లైను మాత్రం ఒప్పుకుంటాను: "ఆ వంకతోనైనా నలుగురం కలుస్తున్నాం." నిజమే. మానేశాక మిమ్మల్ని రెండుసార్లే కలిశాను, అదీ పెళ్లిళ్లలో. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి దగ్గరికి రండి. అక్కడ తీయడానికి కిటికీలు కూడా ఉండవు.