గీత ఎక్కడుంది బాబూ?

శ్రీకాకుళంలో మా కాలనీ వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నది నీళ్ల మోటారు ఎన్నింటికి వేస్తారో చెప్పుకోవడానికి. కొన్నేళ్లుగా అది దేశ సరిహద్దులు కూడా చూసుకుంటోంది. మోటారు ఎప్పుడు వేస్తారో మాత్రం ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

మొన్న ఆ గ్రూపులో నేనో తప్పు చేశాను. పాకిస్తాన్ జైళ్లలో ఉన్న మన మత్స్యకారులను విడిపించమని కేంద్రానికి రాసిన అర్జీ పెట్టి, ఇష్టమైనవాళ్లు సంతకం చేయండి అన్నాను. పది నిమిషాల్లో అడ్మిన్ గారి తీర్పు వచ్చేసింది. "గీత ఎందుకు దాటాలి? దాటితే జైలే. ఈ మానవ హక్కుల వాళ్లంతా అటువైపు మనుషులే." కింద మూడు జెండాలు. వాటి కింద వరసగా దండాల బొమ్మలు.

ఆయన మాట తీసిపారేసేది కాదు. రిటైరైన నాటి నుంచి టీవీ చర్చలు చూసి చూసి సంపాదించిన జ్ఞానం అది. అందుకే సముద్రంలో ఆ సరిహద్దు గీత ఎక్కడుందా అని నేనూ వెతికాను. గుజరాత్‌లో కచ్ దగ్గర సర్ క్రీక్ అని 96 కిలోమీటర్ల పాయ ఉంది. అందులో హద్దు ఎక్కడో రెండు దేశాలూ ఇంతవరకు తేల్చుకోలేదు. అది తేలలేదు కాబట్టి అక్కణ్నుంచి సముద్రంలోకి సాగాల్సిన హద్దూ తేలలేదు. అంటే రెండు ప్రభుత్వాలు కలిసి గీయలేని గీతని, మా జిల్లా ఎచ్చెర్ల నుంచి వెళ్లిన కుర్రాడు అర్ధరాత్రి వల లాగుతూ కనిపెట్టి, బ్రేకు వేసి ఆగిపోవాలన్నమాట. నీళ్ల మీద ముగ్గేసి ఉంచితే సరిపోయేది, ఎవరికీ తట్టలేదు.

అడ్మిన్ గారికి దిక్కులు ఎంత బాగా తెలుసో చెప్పకపోతే పాపం. కార్తీక వనభోజనాలకి కాలనీ అంతా కళింగపట్నం వెళ్లాం. లైట్‌హౌస్ దగ్గర పిల్లల్ని వరసగా నిలబెట్టి, చేతిలో జెండాతో, సముద్రం వైపు వేలు చూపించి గర్జించారు. "అదిగో పాకిస్తాన్! మా జోలికొస్తే ఖబడ్దార్!" పిల్లలు ఈలలు, ఫోన్లలో వీడియోలు. తెప్ప నీడన వల బాగుచేసుకుంటున్న ముసలాయన సూది పక్కన పెట్టి లేచాడు.

"బాబూ, పాకిస్తాను ఇటు కాదండి. ఇటెల్తే రంగమొస్తాది. మా తాత ఎల్లొచ్చినాడు."

నిజమే. ఎదురుగా ఉన్నది బంగాళాఖాతం, దాని అవతల బర్మా. రంగమంటే అక్కడి రంగూనే. అడ్మిన్ గారు తొణకలేదు. వెనక్కి తిరిగి, రెండో టేకు అన్నారు. ఇప్పుడు జెండాకి ఎదురుగా సరుగుడు తోట, తోటలో ఆడవాళ్లు, మధ్యలో పులిహోర గంగాళం. "ఒక్క అడుగు ముందుకేస్తే..." అనేసరికి గరిటె పట్టుకున్న మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. వడ్డన ఇరవై నిమిషాలు ఆలస్యం. వీడియో మాత్రం బాగా వచ్చింది.

ముసలాయన తాత రంగం వెళ్లాడు, కొడుకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లాడు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లాలో ఇన్నాళ్లూ పెద్ద బోటు కట్టుకోవడానికి సరైన హార్బరు లేకపోతే మనుషులు ఎక్కడికి పోతారు? గుజరాత్ బోట్లెక్కుతారు. 2018 చివర్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు అలాగే పట్టుబడి కరాచీ జైలుకి పోయారు. వాళ్లు లోపల ఉండగానే పుల్వామా దాడి, బాలాకోట్ వైమానిక దాడి రెండూ అయ్యాయి. 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు దగ్గర ఇటు అడుగుపెట్టారు.

ఆ రోజుల్లో ఓ ఆఫీసు వరండాలో ఒకావిడని చూశాను. చీరల షాపు కవర్లో రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, పెళ్లి ఫొటోలోంచి కత్తిరించిన మొగుడి బొమ్మ. ఆ బొమ్మ భుజం మీద ఆవిడ చెయ్యి ఇంకా ఉంది, మణికట్టు దాకా. జాతీయత నిర్ధారణట. రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకునే ఖైదీల జాబితాల్లో వీళ్లని భారతీయులు లేదా "భారతీయులని భావిస్తున్నవారు" అంటారు. భావిస్తున్నారట! తాత ముత్తాతల నాటి నుంచి ఈ ఒడ్డునే వలేసి బతికినవాడు ఈ దేశంవాడేనని ఆవిడ జిరాక్సులు పట్టుకుని తిరగాలి. సోఫాలో కూర్చుని జెండా బొమ్మ నొక్కినవాడిని మాత్రం ఎవడూ కాగితం అడగడు. పైగా వీడు ఆవిడ తరఫున మాట్లాడినవాడిని దేశద్రోహి అంటాడు. సిగ్గుండక్కర్లా?

శిక్ష పూర్తయి, జాతీయత తేలిన నెలలోపు పంపేయాలని 2008లో రెండు ప్రభుత్వాలూ సంతకాలు చేశాయి. హక్కుల వాళ్లు అడుగుతున్నది ఆ సంతకం నిలబెట్టుకోమనే. 2025 మేలో క్షిపణులు వేసుకున్న ఈ రెండు దేశాలే జూలై 1న మళ్లీ జాబితాలు ఇచ్చిపుచ్చుకున్నాయి. వాళ్ల దగ్గర మన మత్స్యకారులు 193 మంది, మన దగ్గర వాళ్ల మత్స్యకారులు 81 మంది. ఆనాటి లెక్కన మా జిల్లా తీరానికి కిలోమీటరుకొకడు చొప్పున లోపల ఉన్నట్టు. ప్రభుత్వాలకున్న ఆ మాత్రం ఇంగితం మా గ్రూపుకి లేదు.

నా అర్జీకి ఇప్పటిదాకా నాలుగు సంతకాలు. అందులో ఒకటి మా ఆవిడది, పులిహోర కోపం ఇంకా తగ్గలేదు. ఆదివారం పొద్దున గ్రూపు చూస్తే, గేటు దగ్గరికి చేపల బండి వచ్చిందని ఎవరో పెట్టారు. కింద అడ్మిన్ గారు: "కోనాం ఉంటే కేజీ నాకు ఉంచమనండి. ముక్కలు కొట్టించి."

పక్కన అలవాటు ప్రకారం జెండా.