ఫెడ్ గవర్నర్‌ని ప్రెసిడెంట్ పీకేయొచ్చా? ఒక అత్తా, మేనల్లుడి వాదన

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దున్నే వాకింగ్ చేసే ఇద్దరి మధ్య వాదన ఇది. అత్త బ్యాంకులో పనిచేసి రిటైరయింది, మేనల్లుడు లాయరు. విషయం అమెరికాది. వడ్డీ రేట్లు తగ్గించడం లేదని ప్రెసిడెంట్ ట్రంప్ 2025లో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) ఛైర్మన్ జెరోమ్ పావెల్‌ని తీసేస్తానని పదేపదే అన్నాడు, ఆగస్టులో ఏకంగా ఫెడ్ బోర్డులోని ఏడుగురు గవర్నర్లలో ఒకరైన లీసా కుక్‌ని తీసేస్తున్నానని ప్రకటించాడు. నా మొగ్గు ఎటో చదివితే తెలిసిపోతుంది, దాచను.

మేనల్లుడు: సూటిగా అడుగుతా అత్తా. కోట్ల మంది ఓట్లేసి గెలిపించిన మనిషికి ఒక ఆఫీసర్‌ని మార్చే హక్కు లేదంటే ఆ ఓట్లకు విలువేముంది? ధరలు పెరిగితే జనం తిట్టేది ప్రెసిడెంట్‌నే గానీ ఫెడ్ ఛైర్మన్‌ని కాదు. తిట్లు ఒకరికి, తాళంచెవి ఇంకొకరికా?

అత్త: తాళంచెవి వేరేవాళ్ళ చేతికిచ్చిందే అందుకు నాయనా. ఎన్నికల ముందు వడ్డీ తగ్గిస్తే అందరికీ హాయిగా ఉంటుంది, లోన్లు దొరుకుతాయి, వ్యాపారం నడుస్తుంది, ధరల దెబ్బ మాత్రం ఓట్లు పడిపోయాక ఏడాదికో రెండేళ్ళకో తగులుతుంది. 1972 ఎన్నికల ముందు ప్రెసిడెంట్ నిక్సన్ అప్పటి ఫెడ్ ఛైర్మన్ ఆర్థర్ బర్న్స్ మీద ఎట్లా ఒత్తిడి పెట్టాడో వైట్‌హౌస్ టేపుల్లోనే ఉంది. తర్వాత ధరలు మండిపోయాయి. బర్న్స్ ఒక్కడివల్లే అననులే, చమురు ధరలు కూడా కారణమే. కానీ 1980లో ద్రవ్యోల్బణం 14 శాతం దాటితే, దాన్ని దించడానికి అప్పటి ఫెడ్ ఛైర్మన్ పాల్ వోల్కర్ వడ్డీని 20 శాతం దాకా తీసుకుపోవాల్సి వచ్చింది, 1982లో నిరుద్యోగం 10 శాతం దాటింది. ఎవరు చేసిన పనికి ఎవరు కట్టారు చెప్పు.

మేనల్లుడు: నీ ఉదాహరణే నాకు పనికొస్తుంది చూడు. కారణం లేకుండా తీయకూడదన్న చట్టం బర్న్స్ కాలంలోనూ ఉందిగా? అయినా వంగాడుగా? మెత్తవాడికి చట్టం ఉన్నా లాభం లేదు, గట్టివాడికి అక్కర్లేదు.

అత్త: అక్కడే తప్పు. గట్టివాడికే అది కావాలి. టర్కీ చూడు. వడ్డీ పెంచితేనే ధరలు పెరుగుతాయని నమ్మే అక్కడి ప్రెసిడెంట్ ఎర్దొగాన్ 2019లో కేంద్ర బ్యాంకు గవర్నర్ ఒకరిని తీసేశాడు, 2020లో ఇంకొకరిని, 2021 మార్చిలో మూడో మనిషిని. ఆ మూడో ఆయన నాసీ అగ్బాల్ వచ్చి నాలుగు నెలలే, వడ్డీ పెంచిన రెండు రోజులకే ఇంటికి పంపారు. గట్టిగా నిలబడ్డందుకే పోయాడు! 2022 అక్టోబర్‌లో అక్కడ ద్రవ్యోల్బణం 85 శాతం, అది కూడా సర్కారు లెక్కే. జీతం మీద, పింఛను మీద బతికేవాళ్ళ సంగతి ఆలోచించు, వాళ్ళు చేసిన తప్పేమిటి? చివరికి 2024 మార్చికి వడ్డీని 50 శాతానికి తెచ్చుకున్నారు.

(పింఛను మాట వచ్చేసరికి అత్త గొంతు పెరిగింది. నాకు కూడా ఈ వాదనంతటిలో బరువైన మాట ఇదే అనిపిస్తుంది.)

మేనల్లుడు: సరే, మన దేశానికి వద్దాం. రిజర్వ్ బ్యాంక్ చట్టం 1934, సెక్షన్ 11. గవర్నర్‌ని కేంద్ర ప్రభుత్వం తీసేయొచ్చు, ఫలానా కారణం ఉండాలని కూడా అందులో లేదు. సెక్షన్ 7 కింద, గవర్నర్‌తో సంప్రదించాక, ప్రజాప్రయోజనం పేరుతో ఆదేశాలు కూడా ఇవ్వొచ్చు. అయినా మన రూపాయి టర్కీ లీరా మాదిరి కాలేదుగా? అమెరికా వాళ్ళంత రక్షణ లేకుండానే మన పక్కనున్న కడప జిల్లా నుంచి వెళ్ళిన వై.వి.రెడ్డి 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా ఢిల్లీకి తలొగ్గకుండా పనిచేసినాడుగా.

అత్త: పనిచేశాడు, నాకూ గర్వమే. కానీ అట్లాంటి మనిషి ప్రతిసారీ దొరుకుతాడని దేశాన్ని నడుపుతామా? 1957లో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ బెనెగల్ రామారావు అప్పటి ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారితో గొడవపడి రాజీనామా చేశాడు. 2018 డిసెంబర్‌లో ఇంకో గవర్నర్ ఉర్జిత్ పటేల్ వ్యక్తిగత కారణాలని చెప్పి మధ్యలోనే వెళ్ళిపోయాడు. సెక్షన్ 11 బయటికి తీయాల్సిన పనేలేదు, అది ఉందని ఇద్దరికీ తెలిస్తే చాలు. మన చట్టంలో ఆ లోటుందని ఒప్పుకుందాం, దాన్ని అమెరికాకు దారి అని చూపించొద్దు.

మేనల్లుడు: అయితే లీసా కుక్ సంగతి చెప్పు. అమెరికా చట్టంలో గవర్నర్‌కి 14 ఏళ్ళ పదవి, తగిన కారణం ఉంటే ప్రెసిడెంట్ తీసేయొచ్చు అని ఉంది. ఆ కారణం ఏమిటో చట్టం విడమరచి చెప్పలేదు. ఛైర్మన్ పదవికైతే నాలుగేళ్ళని రాశారు గానీ ఆ కుర్చీ నుంచి దించడం గురించి ఒక్క ముక్క లేదు. కుక్ విషయంలో ట్రంప్ కారణం చూపించాడుగా? ఇంటి లోను కాగితాల్లో తప్పు రాసిందన్నాడు. లోను ఇచ్చే బ్యాంకుల్ని అదుపు చేసే మనిషి లోను కాగితాల్లో తప్పు రాస్తే ఊరుకోవాలా?

అత్త: రాసిందని తేలిందా? ఆమె కాదంటోంది. ఆ కాగితాలు కూడా గవర్నర్ కాకముందువి. ఫెడ్ పెట్టి నూట పదేళ్ళు దాటినా ఏ ప్రెసిడెంటూ ఒక గవర్నర్‌ని తీసిన దాఖలా లేదు, మొదటిసారి తీసేటప్పుడైనా నోటీసిచ్చి, నీ సంజాయిషీ ఏమిటని అడగొద్దూ? మా బ్యాంకులో క్లర్కుని తీయాలన్నా ఛార్జిషీటు, ఎంక్వయిరీ ఉంటాయిరా. 2025 సెప్టెంబర్‌లో కింది కోర్టు ఆపింది కూడా ఇట్లాంటి కారణాలతోనే, సుప్రీంకోర్టు కూడా వాదనలు వినేదాకా ఆమెను కుర్చీలో ఉండనిచ్చింది. ఇంకో సంగతి, ఏడుగురు గవర్నర్లలో నలుగురు ప్రెసిడెంట్ మనుషులైతే బోర్డు ఆయన చేతికొచ్చినట్టే. ఒక్కో కుర్చీకి ఒక్కో కారణం వెతకడం మొదలైతే ఆ 14 ఏళ్ళకు అర్థముందా?

మేనల్లుడు: కారణం సరైనదా కాదా అని జడ్జి తేలుస్తాడంటావు. ఆ జడ్జిని ఎవరు ఎన్నుకున్నారు?

అత్త: జనం నేరుగా ఎన్నుకోలేదు. ప్రెసిడెంట్ పేరు పంపాడు, అక్కడి ఎగువసభ సెనేట్ ఒప్పుకుంది. ఫెడ్ గవర్నర్లు కూడా అట్లా వచ్చినవాళ్ళే. ప్రెసిడెంట్‌కి ఈ చట్టం నచ్చకపోతే కాంగ్రెస్‌కి, అంటే వాళ్ళ పార్లమెంటుకి, పోయి మార్పించుకోమను. రెండు సభల్లో చర్చ జరగనీ, ఎవరు ఎటు ఓటేశారో జనం చూడనీ.

మేనల్లుడు: రెండు సభలూ ఓటేసి మార్చేస్తే నువ్వు ఒప్పుకుంటావా మరి?

అత్త: మార్పు చెడ్డదనే అంటాను. పద్ధతి తప్పని మాత్రం అనను.