సగటున 2 మిల్లీసెకన్లేనట!

"సార్, క్యాష్ మొత్తం ఖాళీ అయిపోయింది" అని అర్ధరాత్రి ఫోన్లో మొత్తుకుంటుంటే, మా అమ్మ నిద్రలేచి వచ్చి "ఎంత పోయిందిరా?" అంది. డబ్బు కాదమ్మా, మాటిమాటికీ అడిగే డేటాని చేతికందేలా మెమరీలో దాచుకునే చోటు అని సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మాదాపూర్‌లో ఏ ఆఫీసులో చూసినా ఇదే మంత్రం. పేజీ స్లోగా ఉందా, క్యాష్ పెట్టెయ్. పెట్టినా స్లోనా, ఇంకా పెద్ద సర్వర్ కొను. మేమూ కొన్నాం. నయాపైసా తేడా రాలేదు.

ఎందుకొస్తుంది? మెమరీలోంచి ఒక విలువ చదవడానికి పట్టేది సుమారు 100 నానోసెకన్లు. ఆలస్యమంతా దారిలోనే. అమెజాన్ క్లౌడ్ ముంబైకి 2016లో, హైదరాబాద్‌కి 2022లో వచ్చింది. మేం అప్లికేషన్‌ని ఇక్కడికి తెచ్చుకుని, క్యాష్‌ని అక్కడే వదిలేశాం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. అంటే ముంబైకి తిన్నగా తీగ లాగినా, పోయిరావడానికి 6 మిల్లీసెకన్లు. మాకైతే 15 పట్టేది. పైగా మా కోడ్ ఒక పేజీకి 40 కీలను, అంటే క్యాష్‌లో ఒక్కో విలువకి పెట్టుకున్న పేర్లను, ఒక్కొక్కటిగా అడిగేది. మొత్తం 600! ఉప్పల్ నుంచి మోండా మార్కెట్‌కి వెళ్లి కొత్తిమీర తెచ్చి, మళ్లీ పచ్చిమిర్చికని బయల్దేరే మనిషిని ఏమంటాం?

రెడిస్ అనే క్యాష్ సాఫ్ట్‌వేర్‌లో ఎమ్‌గెట్ అని ఒక కమాండ్ ఉంది. 40 కీలూ ఒకే ట్రిప్పులో తెస్తుంది. చాలా ఏళ్లుగా ఉంది బాబూ, ఇదేం కొత్త సంగతి కాదు.

క్యాష్‌ని ఇక్కడికి తెచ్చాక డాష్‌బోర్డు మీద సగటు 2 మిల్లీసెకన్లని పచ్చగా వెలిగింది. మీటింగులో చప్పట్లు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నూటికి ఒక్క రీడ్ మొరాయించినా, 40 రీడ్లు కావాల్సిన పేజీల్లో మూడోవంతుకి ఆ దెబ్బ తగులుతుంది. కస్టమర్ సగటును చూస్తాడా, తిరుగుతున్న చక్రాన్ని చూస్తాడా? నాకు 99వ పర్సంటైల్, అంటే నూటికి 99 రీడ్లు ఎంతలోపు అయిపోతున్నాయో చూపించండి, అప్పుడు నేనూ చప్పట్లు కొడతాను.

అర్ధరాత్రి గొడవ సంగతంటారా, అన్ని కీలకూ ఒకే గడువు పెట్టారు, అది దాటితే విలువ క్యాష్‌లోంచి చెరిగిపోతుంది. పన్నెండు కొట్టగానే అన్నీ ఒకేసారి చచ్చాయి, జనమంతా డేటాబేస్ మీద పడ్డారు. గడువుల్ని తలా కొన్ని నిమిషాలు అటూ ఇటూ జరిపితే తీరిపోయింది.

ఆ పెద్ద సర్వర్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. బిల్లు నెలనెలా వస్తోంది. తగ్గిద్దామంటే "ఇప్పుడు బాగానే ఉందిగా, ఎందుకు కదపడం" అంటున్నారు.