సవరణ: వెనక సీటు, స్టెప్నీ తీసేయడం గురించి

రేస్ ట్రాక్ మీద నడపడానికి కారు బరువు తగ్గించడం గురించి మొన్న రాసినదానికి ఇది సవరణ. వెనక సీటు, స్టెప్నీ, జాకీ తీసేయమన్నాను కదా, అది ట్రాక్ దగ్గరికి చేరాక చేసే పని. ఒడిశా జయపురంలో ఒకతను ఇంటి దగ్గరే అన్నీ పీకేసి, వానలో సుంకి ఘాట్ కొండదారి దిగి సాలూరు వెళ్లొచ్చాడట. దండం పెట్టి చెబుతున్నా, వద్దు.

మనవాళ్ల దగ్గరున్న హుషారు బళ్లు చాలావరకు ఫ్రంట్ వీల్ డ్రైవే, అంటే ఇంజను తిప్పేది ముందు చక్రాలనే. ఇంజను, గేర్‌బాక్సు రెండూ ముందే. వెనక తేలికైతే బరువులో ముందు వాటా ఇంకా పెరుగుతుంది. దిగుడులో బ్రేక్ నొక్కితే ఉన్న కాస్త బరువూ ముందుకే వాలిపోయి వెనక టైర్లకు పట్టు ఉండదు. తడి మలుపులో బండి తోక తిప్పేస్తుంది. ట్రాక్ మీద అయితే పక్కన ఖాళీ జాగా ఉంటుంది. సుంకిలో ఉండేది లోయ.

బరువు తగ్గించాలంటే అసలు ముందు చూడాల్సింది పెట్రోలు. లీటరు సుమారు 0.75 కిలో. 45 లీటర్ల ట్యాంకులో 20 మాత్రమే పోసుకుంటే దాదాపు 19 కిలోలు పైసా ఖర్చు లేకుండా దిగిపోతాయి. మరీ అడుగంటించొద్దు. పొడవాటి మలుపుల్లో పెట్రోలు ఓ పక్కకు ఒరిగి పంపుకు అందక ఇంజను దగ్గుతుంది.

ముందు సీట్లు కూడా తీయొచ్చా అని అడుగుతున్నారు. వాటికింద ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి. బ్యాటరీ తీసి, కాసేపు ఆగాకే వాటి జోలికి వెళ్లాలి. అదీ తెలిసిన మెకానిక్ చేతనే.